నూట యాభై గ్రాములు

చీమ తరగతి అంటారు దాన్ని.
నూట యాభై గ్రాములు దాటకూడదు,
నాలుగంగుళాల పెట్టెలో ఒదిగి కూర్చోవాలి,
ఆపైన ఎంత పొగరైనా ఉండొచ్చు.

మెర్తిర్‌లో నవంబరు.
కొండ మీంచి వాన అడ్డంగా కొడుతోంది.
టీ డబ్బాలో నలభై పౌండ్లు,
కోటు కోసం దాచుకున్నవి.
పాత కోటుకే ఇంకో బొత్తాం కుట్టుకున్నాను.

ఇయోలో మా అక్క కొడుకు, పన్నెండేళ్ళు.
బళ్ళో నేను వడ్డించే బఠాణీలు ముట్టడు
కానీ వాడి లెక్క మాత్రం నికార్సు:
చక్రాలు తిప్పే బుల్లి మోటార్లు రెండు, పన్నెండు.
బ్యాటరీ ఆరు.
రిసీవరూ, వేగాన్ని అదుపు చేసే బోర్డూ కలిపి పద్దెనిమిది.
రిమోటు సైన్సు మాస్టారి దగ్గర ఎరువు.
గిర్రున తిరిగే ఆయుధం కొనే తాహతు లేదు,
గోడకాగితం గీకే రేకుంది, దాన్నే ఏటవాలుగా బిగిద్దాం,
అవతలివాడి కిందకి దూరి ఎత్తేద్దాం అన్నాడు.
"మరి కవచం?" అన్నాను.
వాడేం మాట్లాడలేదు.
నేను ఉల్లిపాయలు తరుగుతున్న తెల్ల ప్లాస్టిక్ పలక వైపు చూశాడు.

టంకం వేయడం ఇద్దరికీ రాదు.
మొదటి అతుకు పేరుకున్న నెయ్యిలా ముద్దకట్టింది,
రెండోది నా బొటనవేలికే అంటుకుంది.
బ్యాటరీని ఖాళీ పూలకుండీలో పెట్టి ఛార్జి చేశాం.
పొయ్యి మీది పాలకి కాపలా కాసినట్టు
పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను.

వంటింటి తక్కెడ నూట యాభై మూడంది.
మూడు గ్రాములంటే ఒక చెంచాడు ఆవాలు.
ఇన్నేళ్ళూ గరిటెలతో కొలిచినదాన్ని,
ఆవాలతో ఏనాడూ తగువు పడలేదు.
పలకకి చిల్లులు పొడిచాం.
ప్రతి చిల్లులోంచీ తెల్లటి పీచు సుళ్ళు తిరిగి రాలింది.
మరలు పొట్టివి వేశాం, తీగలు కత్తిరించాం.
పేరు మాత్రం వాడు ఎర్ర రంగుతో లావుగా రాశాడు:
సోమవారం.
"ఎవ్వరికీ ఇష్టముండదుగా."

స్వాన్సీలో, చర్చి వెనక హాల్లో, వాళ్ళ తక్కెడ ఇంకా కచ్చితం.
అరగ్రాము ఎక్కువ.
పేరు గీకేశాం.
పేరులేనివాళ్ళమై బరిలోకి దిగాం.

ఎదర 'పంటినొప్పి'.
యజమాని హలీమా, తొమ్మిదేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండు లేవు.
పదకొండు సెకన్లు.
టప్పున ఒక చప్పుడు,
మా ఎడమ చక్రం ఎగిరి పారదర్శకం గోడకి తగిలి
నా ముఖానికి ఎదురుగా జారింది.
ఇయోలో గడ్డం వణికింది.
నేను బఠాణీల గురించి ఏదో అన్నాను, ఎందుకో తెలీదు.

అప్పుడొచ్చింది ఆ పిల్ల, చేతిలో బిస్కట్ల డబ్బా,
నిండా చక్రాలు.
"మీ ఇరుసు ఎంత లావు?" అంది,
సారీ గీరీ ఏం లేదు.
వాళ్ళ నాన్న జిగురు తీశాడు, ఎవరో ముసలాయన లైటు పట్టాడు.
కొట్టినవాళ్ళే కట్టు కట్టే చోటు
నా యాభై ఆరేళ్ళలో ఇదే చూడ్డం.

కొత్త చక్రం పచ్చది, పాతదానికన్నా రవ్వంత పెద్దది.
సోమవారం తిన్నగా నడవడం మానేసింది.
రెండో పోటీలో అవతలిది ఉరికి మీదకొచ్చింది,
మాది ఎటో వంకరగా తప్పుకుంది,
అది వెళ్ళి గోతిలో పడింది.
చప్పట్లు.
వాడు నావైపు తిరిగి, "అలా అనుకునే చేశా" అన్నాడు.
మూడోదాంట్లో పొగొచ్చింది. సరే.

ఇవాళ ఆదివారం.
పలక మధ్యలో అరచేయంత బొక్క,
తరిగిన ఉల్లిపాయ సగం బల్ల మీదకి రాలుతోంది.
"కొత్తది కొనుక్కో పిన్నీ, నాలుగు పౌండ్లు మిగిలాయిగా."
పలక ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాను.
వద్దురా,
ఈ మూల ఇంకోటి వస్తుంది.